పట్టుబడి అయ్యాక చూద్దామన్న అప్‌డేట్

హజరత్తయ్య రొయ్యల గుంట కట్ట మీదికి చెప్పులతో ఎక్కడు. క్లోరిన్ కలిపిన తొట్టిలో కాళ్లు ముంచాకే అడుగేస్తాడు. పోయిన వారం చూడ్డానికొచ్చిన అల్లుడి చేత కూడా కొత్త బూట్లు విప్పించాడు. తోటపల్లి గూడూరు దగ్గర ఆయన కౌలుకు తీసుకున్న రెండు గుంటల్లో రెండేళ్ల కిందట తెగులొచ్చి పంట మొత్తం పోయింది. ఈసారీ పోతే కౌలు వదులుకోవలసిందే. అందుకే పంట మీదుండగా మేత నుంచి మనిషి దాకా ఏదీ మార్చడు.

నీటికి గాలి అందించే ఏరియేటర్లు కంప్యూటర్ మీద నడుస్తాయి. నెల కిందట దాన్ని చూడ్డానికి నెల్లూరు నుంచి వెన్నెల వచ్చింది. ఆ పరికరాలు అమ్మిన కంపెనీలో ఆమె ఉద్యోగి.

"అన్నా, ఈ బ్రౌజర్ ఎప్పటిదో. దీన్ని చేసినోళ్లు బాగుచేయడం నాలుగేళ్ల నాడే మానేసినారు. యాడ కంతలుండాయో దొంగలందరికీ తెలుసు. నువ్వేమో దీంట్లోనే రోజూ రొయ్యల రేట్లు చూస్తుండావు. చెడ్డ పేజీ ఒకటి తెరుచుకుంటే చాలు, నువ్వేం నొక్కబళ్లా."

"కొత్తది వేస్తే ఏరియేటర్లు తిరగతాయా?"

"వాటిని నడిపే మా ప్యానెల్ పేజీ ఈ పాత బ్రౌజర్లోనే తెరుచుకుంటాది. రెండూ మార్చాల. ఒక పూట ఆగతాయి."

"పంట మీద పూటంతా ఆపమంటావా? నీకు రొయ్యంటే కూర్లోనే తెలుసు తల్లీ. రొయ్యలు పట్టి అమ్మేసి, పట్టుబడి కానీ, అప్పుడు రా."

ఆమె నవ్వి వెళ్లిపోయింది.

పంట అరవై ఎనిమిదో రోజు, ముసురు పట్టిన ఉదయం, కట్ట మీద ఏరియేటర్ల చప్పుడు లేదు. కంప్యూటర్ ఉన్న షెడ్డులో బల్బు వెలుగుతూనే ఉంది. తెర మీద ఏరియేటర్ల బటన్లు పన్నెండూ ఎర్రగా ఉన్నాయి. ఒకటి నొక్కాడు. పచ్చబడింది. ఆయన చేయి తీసేశాక మౌస్ బాణం గుర్తు దానంతటదే కదిలి, దాన్ని మళ్లీ ఆపేసింది.

ఫోన్ చేసి చెప్పగానే వెన్నెల అరిచింది. "ముందు నెట్ వైరు పీకెయ్యన్నా!"

పీకాడు. బాణం ఆగింది. నెట్ మీద వచ్చే ప్యానెల్ పేజీ కూడా పోయింది.

"చేతి స్విచ్చులుండాయా?"

"ప్యానెల్ పెట్టేటప్పుడు మీవాళ్లే తీసేసినారు గదమ్మా."

"ఎలక్ట్రీషియన్ని తీసుకోని వస్తా ఉండా. నలభై నిమిషాలు."

హజరత్తయ్య ఆక్సిజన్ మీటరు తీసి గుంటలో పెట్టాడు. మూడుకు తగ్గితే రొయ్య పైకి తేలుతుంది. ఒకటికి దిగితే ఇక బతకదు. 2.4 చూపించింది. అంచుల వెంబడి మీసాలు కదులుతున్నాయి. పది నిమిషాలాగి మళ్లీ చూశాడు.

1.9.