బాపమ్మ బొట్టు పెట్టిన జాయింటు రాడ్డు

మా చిన్నప్పుడు... కోరుట్లల మా అమ్మమ్మ తలుపు సాటుకు నిలబడి మా బాపును తిడుతుంటే, ఆ తిట్లు మోసే కొలువు నాది.

అప్పట్ల అత్త, అల్లునితోని సూటిగ మాట్లాడొద్దు గద... ఆయన అరుగు మీద, ఆమె తలుపు ఎనక. నడుమ నేను. నాలుగో తరగతి.

"మీ బాపుకు చెప్పే... గా డొక్కు బండిల నా బిడ్డను తోలియ్య. ఆపరేషనై మూడు నెల్లే అయింది. ఆ కుదుపుకు కుట్లు పిగిలితే ఆయన కుడతడా?"

నేను అరుగు దిక్కు తిరిగి... "బాపూ, నీకు కుట్టుపని వస్తదా అని అడుగుతుంది అమ్మమ్మ."

తలుపు ఎనక నుంచి ఓ చెయ్యి వచ్చి నా చెవి పట్టుకున్నది.

అమ్మ మా చెల్లెను కని అక్కడే ఉన్నది. మా ఊర్ల ఇంట్ల బాపును కన్న బాపమ్మ వంట... మూడు నెల్ల సంది పొద్దున పుంటికూర... గదే గోంగూర, మాపున పుంటికూర. నాకు జడ వేసేటోళ్లు లేరు. నెత్తి పిచ్చుక గూడైంది.

అమ్మమ్మ తప్పు సుత లేదు. బాపుది పాత పికప్పు, సిరిసిల్ల మరమగ్గాల సాంచాల కాడ నుంచి గుడ్డ తానులు మోసేది. గేరు వేస్తే కింద "ఠంగ్" అనేది. జర ఉరికిస్తే కూసున్నోళ్ల పండ్లు టకటక కొట్టుకునేటియి. జాయింటు రాడ్డు రోగం అది... ఇంజను బలాన్ని ఎనక చక్రాలకు అందించే పొడుగు ఇనుప గొట్టమన్నట్టు. దాని రెండు కొసల చెవులల్ల ప్లస్ గుర్తు లెక్క క్రాసులుంటయ్. అవి అరిగినయ్.

"ఎల్లుండి క్రాసులు మార్చుకొని వస్త. బండి కుదిపితే మీ అమ్మను తీసుకపోను, చెప్పు" అన్నడు బాపు.

"ఎల్లుండి దాటితే మూఢం. మల్ల రెండు నెల్ల దాకా పంప, చెప్పు" అన్నది అమ్మమ్మ.

ఈసారి రెండు మాటలు ఉన్నదున్నట్టే మోసిన. రెండు నెల్ల పుంటికూర కళ్ల ముందు కనవడ్డది మరి...

తెల్లారి బాపు జగిత్యాలల క్రాసులు కొనుక్కొచ్చి, మా ఊర్ల వాకిట్లనే గోనె సంచి పరుసుకొని బండి కింద పండిండు. మల్యాల రోడ్డు మీద పోయేటోళ్లందరు ఆగి సలహా ఇచ్చెటోళ్లే... పానా పట్టెటోడు ఒక్కడు లేడు.

రాడ్డు నడుమల రెండు ముక్కలు పండ్లకు పండ్లు కలిసి ఒకదాంట్ల ఒకటి దూరి ఉంటయ్. ఊడదీసే ముందే బాపు రెండిటి మీద సున్నంతోని గీత గీసిండు.

"గీతకు గీత కలవాలె బిడ్డా. ఓ పన్ను అటిటైనా బండి దయ్యం పట్టినట్టు ఊగుతది."

లాకులు తీసి, సుత్తెతోని పాత క్రాసులు కొట్టి, కొత్తవి ఎక్కించి, గ్రీజు పెట్టిండు. నన్ను కావలి పెట్టి బువ్వ తినపోయిండు.

నేను కావలి ఉన్న... కానీ గ్రీజు డబ్బా కాడ. పక్కింటి మేకపోతుకు మీసాలు దిద్దుతున్న.

తిరిగి చూస్తే బాపమ్మ రాడ్డును చింతపండు, బూడిద పెట్టి తోముతుంది! రాగి బిందె లెక్క తళతళ. సున్నం గీతలు ఖతం. దాని మీద పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు...

"కోడలు, మనుమరాలు ఎక్కే బండి. గింత మురికితోని తోలుతరా?"

బాపు చెయ్యి కడుగుతున్న సప్పుడు ఇనవడ్డది. సున్నం వేలుకు అద్దుకొని, అందాజగ రెండు గీతలు గీకిన.

"ఇనుముకు బొట్లెందుకే అమ్మా?" అన్నడు బాపు.

"ఇనుమైతేంది, ఇంటిది కాదా?"

బాపు గీతకు గీత కలిపి, బోల్టులు బిగించి, బండి తీసిండు. మూలమలుపు దాటలేదు... బండి జాతరల పూనకమొచ్చిన శివసత్తి లెక్క ఊగింది. తలుపు దానంతట అదే తెరుసుకున్నది. బాపు భుజం మీది తువ్వాల ఎగిరి మేకపోతు మీద వడ్డది.

బాపు దిగి నెత్తి పట్టుకొని కూసున్నడు. "కొత్త క్రాసులే ఖరాబున్నయ్. ఇగ అయిపాయె. మూఢం ఎల్లినంక సూద్దాం..."

ఆ గొంతు ఎన్నడు ఇనలేదు నేను. నోరు మూసుకుంటే దెబ్బలు తప్పుతయ్... అమ్మ రాదు.

"బాపూ... గా గీత నాది."

బాపు నా దిక్కు సూసిండు. చేతిల పానా దిక్కు సూసిండు. నేను బండి చుట్టూ మూడు రౌండ్లు ఉరికిన.

"ఆగే... కొట్ట. ముందుగల్ల పానా పట్టు" అన్నడు ఆయాసపడుకుంట. "రెండు కొసల చెవులు ఒక్క తీరుగ ఉన్నయా అని సూసినా తెలుస్తుండె. నీ గీతను నమ్మిన సూడు... అది నాది తప్పు."

మల్ల ఊడదీసి, చెవులు సూసి కలిపిండు. ఈసారి బండి నెయ్యి మీద జారినట్టు పోయింది.

తెల్లారి కోరుట్ల. అమ్మమ్మ నిండ నీళ్ల చెంబు ఒళ్లె పెట్టుకొని బండెక్కింది. నడుమ నేను.

"బస్టాండు దాకా పోయి రావాలె. చుక్క ఒలికితే నా బిడ్డ రాదు, చెప్పు."

బండి మంచిగనే ఉన్నది... రోడ్డు మంచిగుండాలె గద! ముంగట ఇంత లోతు గుంత. బాపు కళ్లు గుంత మీద. అమ్మమ్మ కిటికీల నుంచి ఎవరినో పలకరిస్తుంది. నేను వంగి గటగట రెండు గుటకలు తాగిన.

"నీళ్లు తగ్గినట్టుందే?"

"ఎండలు అమ్మమ్మా... ఇంకినయ్."

చుక్క ఒలకలె. అమ్మ చెల్లెను ఎత్తుకొని బండెక్కింది. ఎక్కంగనే నా నెత్తిల చెయ్యి పెట్టి "గీ గ్రీజేందే?" అన్నది... మూడు నెల్ల తర్వాత ఆ చెయ్యి.

ఇప్పుడు బండి ఖరాబైతే ఫోన్ కొడితే షెడ్డోళ్లే తీసుకపోయి వాళ్లే తెస్తున్నరు. లోపల ఏం అరిగిందో మనకు తెల్వది... మనోళ్లను ఇంటికి తెచ్చుకునేటందుకు బండి కింద పండిన వీపు మల్ల నేనెక్కడ సూడలె.

మీ ఇండ్లల్ల అసొంటి పనిని ఆగం చేసినోళ్లు ఉంటే సిగ్గువడకుండ రాయుండ్రి. "చుక్క ఒలకలె" అని బాపు ఇప్పటికీ పదిమందికి చెప్పుకుంటడు... ఎవరన్న కలిస్తే గా రెండు గుటకల సంగతి మాత్రం ఆయనకు చెప్పకుండ్రి.