గార్ల పట్టాల మీద అన్నం

ఏ ప్రాంతానికి వెళ్లినా అక్కడి ఎత్తైన గుట్ట ఎక్కడం నాకు అలవాటు. తెలంగాణ ఉద్యమ కాలంలో అలాగే ఒక గుట్ట ఎక్కి దిగి, బొబ్బలెక్కిన కాళ్లతో గార్ల స్టేషన్ చేరాను. ఆరోజు రైల్ రోకో. జనం పట్టాల మీదే పొయ్యి పెట్టి వండుతున్నారు.

"అన్నా, ఏ ఊరు మీది?" వడ్డిస్తున్న అక్క అడిగింది.

"గుంటూరు," అన్నాను భయంగా. దాచినా నా యాస పట్టిస్తుంది.

"అయితేంది, ఆకలైతలేదా? గీడ కూసో."

పట్టా మీదే కూలబడి పప్పన్నం తిన్నాను.

"రైలెప్పుడు వదుల్తారక్కా?"

"మేం లేసినంక. నువ్వు సుత కూసుంటివి గదా, ఇగ నువ్వూ మాతోనే!"

అందరూ నవ్వారు. నిజమే, నా రైలును నేనే ఆపుతున్నాను. లేవాలనే అనుకున్నాను, కాళ్లు రాలేదు. ఆమె మరో గరిటె పప్పు తెచ్చింది. విస్తరి ముందుకు జరిపాను.