వారానికి రెండు రోజుల పెద్దాయన

రాగుల్ని మావైపు చోళ్లంటాం. ఎచ్చెర్ల దగ్గర మా చోడి బిస్కెట్ల యూనిట్ నా చేతికి మించి పెరిగిపోయింది. విశాఖ దుకాణాలవాళ్లు పెద్ద ఆర్డరు ఇస్తామన్నారు గానీ ప్రతి బిస్కెట్టూ ఒకేలా ఉండాలన్నారు. మాదేమో ఇవాళ మెత్తన, రేపు రాయి. ఈ ఆర్డరు పోతే రెండో బట్టీ ఆర్పేసి, కొత్తగా చేర్చుకున్న ఆడవాళ్లని ఇంటికి పంపెయ్యాల్సిందే.

అందుకని ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలు నడిపిన ఒకాయన్ని మంగళ, శుక్రవారాలకి సీఈఓగా కుదుర్చుకున్నాను. పూర్తి జీతం ఇచ్చుకోలేని నాలాంటివాళ్లు ఈ మధ్య పెద్దవాళ్లని ఇలా రోజుల లెక్కన పెట్టుకుంటున్నారు. నేను ఊరుకుంటానా? “ఆయనకి క్షణం తీరికుండదు, మన అదృష్టం కొద్దీ దొరికారు” అని ఊరంతా కోతలు కోశాను.

మా దగ్గర పిండి కలిపే ముసలమ్మ మాత్రం నోరు నొక్కుకుంది. ముప్ఫై ఏళ్లు నాట్లకీ కోతలకీ కూలికి వెళ్లిన మనిషి.

“వారానికి రెండు రోజులే పనా? మిగతా రోజులు ఇంటికాడ ఏటి సేస్తాడమ్మా?”

“ఆయన కూలీ కాదు, సీఈఓ.”

“ఏదైతే ఏటి? పని లేకపోతే పూటెలా గడస్తాది?”

ఆయన వచ్చిన వారానికే దొంగని పట్టేశారు. నేనే! గంటకోసారి వెళ్లి బట్టీ వేడి మార్చేస్తున్నానట. నన్ను ఆ గదిలోకే రావద్దన్నారు. ఒళ్లు మండింది గానీ, బిస్కెట్లు అచ్చు గుద్దినట్టు రావడం మొదలెట్టాయి.

ఒక శుక్రవారం అందరి ముందూ ముసలమ్మ ఆయన దగ్గరికి వెళ్లి నిలబడింది.

“బావూ, మా మరిది కోటబొమ్మాళి రైసుమిల్లులో మేస్త్రీ. నీ గురించి ఓనరుకి సెప్పించాను. సోమారం, లచ్చివారం రమ్మన్నాడు. మద్దేన్నం కూడు ఆల్లే ఎడతారు. సిగ్గుపడకు, పని లేకపోడం తప్పు కాదు.”

అంత పెద్దమనిషి కోపమొచ్చి వెళ్లిపోతే మా గతేమిటి? “బుద్ధుందా నీకు? నోర్ముయ్!” అని అరిచాను.

ఆవిడ తగ్గితే కదా! “నువ్వుండమ్మా. పని దొరకని మనిసి మొకం నానెరగనా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఉద్యోగం పోయి ఏడాది దాటిందని, మేం తప్ప ఎవరూ పిలవలేదని నెమ్మదిగా చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. వారానికి రెండుసార్లు ఎదురుగా కూర్చున్నాను, ఆయన పేరు పక్కనున్న హోదాలే చూశాను.

“మంగళ, శుక్రవారాలు మాత్రం ఇక్కడికే వస్తాను,” అన్నారాయన నాతో. తర్వాత ముసలమ్మ వైపు తిరిగారు. “మిల్లుకి ఎన్నింటికి రమ్మన్నారమ్మా?”

“ఎనిమిదికి. తొలిరోజు నానే తీసుకెల్తాను. ఆలీసం సెయ్యకు.”