చేతులు వెనక్కి కట్టుకున్న కాక

కాక పోయాడన్న కబురు నాకు ఆఫీసు వీడియో మీటింగ్ నడుస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది మా కింది అంతస్తు అక్క. "నాన్న లేడే," అంది. అంతే. నేను మైకు ఆపి ఉందో లేదో కూడా చూసుకోకుండా "అట్లెట్ల అక్కా? మొన్ననే గదా తోలొచ్చిన!" అని అరిచాను. తెర మీద తొమ్మిది ముఖాలు ఒక్కసారిగా పైకి లేచాయి.

నిజానికి మొన్న కాదు, నాలుగు నెలలైంది. నల్లగొండలో కరోనా ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకెళ్ళారట. నలుగురికే అనుమతి. ఇక్కడ అక్క, బావ, నేను ఒక ఫోన్ చుట్టూ కూర్చుని చూశాం. సిగ్నల్ రెండుసార్లు తెగింది. మళ్ళీ కలిసేసరికి అంతా అయిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. ఆ ఫోన్ మీద, ఆస్పత్రుల మీద, విమానాల మీద వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ కాక మీద వచ్చింది. అది ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మేం ఉండేది స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో. అక్క వాళ్ళు మొదటి అంతస్తు, నేను రెండు. కాక అక్కకు తండ్రి. నల్లగొండ బస్టాండు దగ్గర ఒక పెద్ద గొడుగు కింద ముప్ఫై అయిదేళ్ళు తాళాలు బాగుచేసి, డూప్లికేట్ తాళంచెవులు కోసిన మనిషి. మనవణ్ణి చూడ్డానికి తొంభై రోజుల వీసా మీద వచ్చాడు. విమానం ఎక్కనంటే ఎక్కనని చిన్నమ్మ, అంటే అక్క వాళ్ళమ్మ, ఊళ్ళోనే ఉండిపోయింది. ఆయన వచ్చిన మూడో వారం విమానాలు ఆగిపోయాయి. తొంభై రోజులు పదకొండు నెలలయ్యాయి.

ఆ పదకొండు నెలలూ ఆయన బాల్కనీలో నిలబడే ఉన్నాడని నాకు అనిపిస్తుంది. మంకీ క్యాపు, అల్లుడి జర్కిను, రెండు చేతులూ వెనక్కి. కింద ఎవరు తలుపు తీసినా, సైకిలు తాళం వేసినా, ఆ చప్పుడు వినేవాడు. "ఎదురింటి ముసలాయన తాళం వారంల వోతది," అని ఒకసారి అన్నాడు. వారం కాలేదు, అయిదో రోజే పోయింది.

చేతులు వెనక్కి కట్టుకోవడం ఆయన అలవాటు కాదు, ఆయన దుకాణం పద్ధతి. నాకు అది తెలిసింది నా సైకిలు తాళంతో. ఒక సాయంత్రం పరాకున ఇంటి చెవిని సైకిలు తాళంలో కుక్కి ఇరికించేశాను. ఆయన కిందికి దిగి వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు, ముట్టుకోలేదు. "ఎనుకకు గుంజకు. పైకి లేపినట్టు జెయ్యి. ఊఁ, గట్ల గాదు," అంటూ గంటసేపు నా చేతనే చేయించాడు. వేళ్ళు కమిలిపోయాయి. కరోనా దూరమేమో అనుకున్నాను. కాదట.

"చెడగొట్టినోళ్ళ చెయ్యే బాగు జెయ్యాలె బిడ్డా," అన్నాడు. "లేకుంటె చేతికి సిగ్గు రాదు."

బస్టాండు దగ్గర కూడా అంతేనట. చెవి విరగ్గొట్టుకుని వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, వాడి చేతనే ముక్క తీయించేవాడట. బేరం పోతుందని చిన్నమ్మ తిట్టేదట. అక్క ఈ కథ చెప్పి నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. మా అమ్మానాన్నలు ఇప్పటికీ వేలిముద్రే. ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం చేస్తాను. కారు తలుపులు తెరుచుకోవడానికి, మూసుకోవడానికి కంప్యూటర్ ఇచ్చే ఆజ్ఞలను పరీక్షించడం నా పని. ఈ మాట కాకకు చెప్పినప్పుడు చాలా గొప్పగా చెప్పాను.

"తలుపును ముట్టుకుంటవా?" అని అడిగాడు.

"లేదు కాకా, తెర మీదనే."

"అబ్బో! తలుపుల ఇంజనీరమ్మ," అన్నాడు. ఆ తరవాత ఎప్పుడూ అలాగే పిలిచాడు. నా చదువును ఎగతాళి చేస్తున్నాడని చాలా రోజులు ఉడుక్కున్నాను.

చలి మొదలవుతుండగా నా పాత కారు తాళం బిగుసుకుంది. రిమోట్ ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు. బాల్కనీలోంచి ఆయనే చూశాడు. "రిమోట్ ఉన్నదని చెవిని మరువొద్దు. కొబ్బరి నూనె రెండు చుక్కలెయ్యి. నేను జిందగంత గదే ఏసిన." వేశాను. రెండు కాదు, భక్తి కొద్దీ అయిదారు. చెవి వెన్నలో తిరిగినట్టు తిరిగింది. ఆ తరవాత దాన్ని మళ్ళీ తాళంలో పెట్టలేదు.

అంతలోకి కాక ప్రయాణం వచ్చింది. రెండుసార్లు టికెట్ రద్దయింది. ఇది మూడోది. ఇక్కడ ఉండటానికి వీసా ఆఫీసు ఇచ్చిన కాగితం గడువు ఆ వారంతో అయిపోతుంది. అక్కడ చిన్నమ్మకు రెండు కళ్ళూ మసకలు, ఆయన వస్తే తప్ప ఆపరేషన్‌కు పోనని పట్టుబట్టింది. అక్క వాళ్ళకు కారు లేదు. షుగర్ మనిషిని రైల్లో జనం మధ్య పంపడానికి అక్క ఒప్పుకోలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా నేను తోలుకుపోతానన్నాను.

ముందు రోజు సాయంత్రమే పెట్టెలు కారులో పెట్టాం. పాస్‌పోర్టు, టికెట్, నెగెటివ్ వచ్చిన పరీక్ష కాగితం ఉన్న చేతిసంచిని కూడా "పొద్దుగాల హడావుడిల మరుస్తం" అని కాకే ముందు సీట్లో పెట్టించాడు. సర్దడానికి వేసిన లోపలి దీపం ఆర్పడం మరిచింది నేను. తెల్లారేసరికి అంతా మంచు. రిమోట్ నొక్కితే కారు పలకలేదు.

"బ్యాటరీ సచ్చింది కాకా."

"సస్తే సచ్చింది. చెవి ఉన్నది గదా," అన్నాడు, నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ కారు మొత్తానికి చెవి పట్టే తాళం ఒక్కటే, డ్రైవర్ వైపు తలుపుకి. చెవి సగం దూరి ఆగిపోయింది. నెట్టాను. ఇంకొంచెం దూరింది. తిప్పబోయాను.

"తిప్పకు! ఇరిగితే సగం లోపల, సగం బయట. అప్పుడు నేను గాదు, మా గురువొచ్చినా ఏం జెయ్యలేడు."

"మరేం జెయ్యాలె?"

"నువ్వే జెప్పు. తలుపుల ఇంజనీరువు గదా."

పైనుంచి అక్క పిల్లాణ్ణి చంకనేసుకుని అరుస్తోంది. "నాన్నా, తొమ్మిదైతుంది! అద్దం పలగ్గొట్టుండ్రి, మల్ల ఏపిద్దం!"

"తాళం రాకుంటె అద్దమేం తప్పు జేసిందే?"

"ష్లూసెల్‌డీన్‌స్ట్‌కు ఫోన్ జేసిన, రెండు గంటలు పడ్తదంట!"

"ఏందది?"

"తాళాలు తీసెటోళ్ళు నాన్నా!"

కాక మాస్కు గడ్డం కిందికి లాగాడు. "నేనీడ నిలవడి ఉండంగ తాళం దీసెటోణ్ణి పిలుస్తవా? నల్లగొండల తెలిస్తె నా గొడుగు పీకేస్తరు."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. చేతులు కొంకర్లు పోతున్నాయి. అద్దంలోంచి ఆ సంచి కనిపిస్తోంది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. "కాకా, విమానం నీది! నువ్వొచ్చి ఒక్కసారి పట్టరాదా? గాడ నిలవడి పాఠం జెప్తవేంది?" అని గట్టిగానే అన్నాను. ఆయన కదలలేదు. "తాళం ఎవల చేతిల బిగుసుకున్నదో గా చెయ్యే," అన్నాడు. అంత మొండి మనిషిని నేను చూడలేదు.

మంచు పట్టిందనుకుని జేబులోని శానిటైజర్‌ని తాళంలో పిండాను. అందులో స్పిరిట్ ఉంటుంది, మంచును కరిగిస్తుంది. అయిదు నిమిషాలు ఆగాం. ఏమీ కాలేదు.

"అయితె మంచు గాదు," అన్నాడు కాక. "చెవి బయటికి తియ్యి. గాట్లల్ల ఏమున్నది?"

గాట్లలో తెల్లగా, మైనంలా ఏదో ఉంది. గోటితో గీరాను.

"వాసన చూడు."

మాస్కు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. స్పిరిట్ ఘాటు కింద, చిన్నప్పుడు బడికి పోయే ముందు అమ్మ వేసిన జడ వాసన.

"కొబ్బరి నూనె కాకా. పేరుకున్నది."

ఆయన తలెత్తి నా ఇంటి కిటికీ వైపు చూశాడు. పైనుంచి అక్క ఇంకా ఏదో అంటూనే ఉంది.

"నేనే గదా ఎయ్యమన్న," అన్నాడు చివరికి. "నీ నూనె సీస హీటర్ మీద ఉండె, కరిగే ఉండె. తాళం ఇంట్ల ఉండదని నాకు యాదికి రాలే. మన ఊళ్ళెనే చలికి సీసల గడ్డగడ్తది. తెలిసి తెలిసి జెప్పిన."

అప్పుడు ఆయన చేతులు వెనకనుంచి ముందుకు వచ్చాయి.

పదకొండు నెలల్లో మొదటిసారి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "దూరం నాన్నా!" అని అక్క అరిచింది. ఆయనకు వినపడలేదో, వినలేదో. దారిలో తాగడానికి అక్క ఇచ్చిన ఛాయ్ ఫ్లాస్కు నా భుజానికి ఉంది. మూతలో ఛాయ్ పోయమన్నాడు. చెవి ఇనుప భాగాన్ని అందులో ముంచాడు, స్వెట్టరుకు తుడిచాడు, తాళంలో పెట్టి కాసేపు పట్టుకున్నాడు, తీశాడు. గాట్లకు అంటిన తెల్లటి పేరుడును తుడిచాడు. మళ్ళీ ముంచాడు. రెండో అరచేతిని తాళం మీద కప్పి ఉంచాడు, జ్వరం చూసినట్టు.

"షుగర్ పేషెంటు ఛాయ్ గాబట్టి సరిపోయింది. లేకుంటె ఎండాకాలం నీ తాళానికి చీమలు వడ్తుండె," అన్నాడు. నేను నవ్వలేదు. టైము చూస్తున్నాను.

ఎన్నిసార్లు ముంచాడో గుర్తు లేదు. ఛాయ్ రెండుసార్లు మార్చాం. ఆయన చెవిని నెట్టలేదు, బలవంతంగా తిప్పలేదు. కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో కొంచెం అటు, కొంచెం ఇటు ఆడించాడు. టక్‌మంది. తలుపు తెరిచి, పక్కకు జరిగి, చేతులు మళ్ళీ వెనక్కి కట్టేసుకున్నాడు. ఎదురింటి ముసలాయన తన కారు తెచ్చి, తీగలు తగిలించి మా బ్యాటరీకి ప్రాణం పోశాడు. బయల్దేరేసరికి పది దాటింది.

దారంతా ఆయన వెనక సీట్లో మూలకు, కిటికీ కొంచెం దించుకుని కూర్చున్నాడు. నేను అరిచినందుకు క్షమించమన్నాను. "అరవాలె గదా," అన్నాడు. "అరవకుంటె నాకు వాసన సంగతే తట్టకపోవు." కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు. "ఎండలు ముదిరినంక ఆ నూనె మొత్తం కడగాలె. లేకుంటె వచ్చే చలికి మల్ల గదే కత. అప్పుడు నాకు వీడియో కాల్ జెయ్యి. చెడగొట్టింది నేను, దగ్గరుండి నేనే చేపిస్త."

విమానాశ్రయంలో గాజు తలుపుల దాకానే రానిచ్చారు. చేతిసంచి మెడలో వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి నడిచాడు. చిన్నమ్మ కళ్ళ ఆపరేషన్ జరిగింది. "ఇప్పుడు మీ చిన్నమ్మకు నా ముసలితనం కనవడ్తుంది," అని ఫోన్‌లో చెప్పాడు. గొడుగు మళ్ళీ తెరిచాడు. బస్టాండులో జనం కూడా మళ్ళీ నిండారు, ఎక్కువగానే.

ఈ వసంతంలో మొదటి ఎండ రోజు వచ్చినప్పుడు నాకు నూనె సంగతి గుర్తొచ్చింది. ఆఫీసులో ఏదో గడువు ఉంది. ఆదివారం చేద్దాంలే అనుకున్నాను. ఆ ఆదివారం అక్క "నాన్నకు జ్వరమంట" అంది.

ఆ తాళం ఆయన తీయకపోయుంటే విమానం తప్పేది, ఆయన ఇక్కడే ఉండేవాడు అని నేను పదే పదే అనుకుంటున్నాను. అక్కతో అన్నాను కూడా. అక్క నన్ను తిట్టింది. "అమ్మ కండ్లు నువ్వు తెప్పిస్తుంటివా?" అంది. అయినా కోపం పోవడం లేదు.

నిన్న ఎక్కడికీ పోయే పని లేకపోయినా కారు దగ్గరికి దిగాను. డ్రైవర్ తలుపు మీద ఎండ నేరుగా పడుతోంది. రిమోట్ నొక్కలేదు. చెవి పెట్టాను. వెన్నలో తిరిగినట్టు తిరిగింది. బయటికి తీస్తే గాట్ల నిండా నూనె, పల్చగా, మెరుస్తూ. ఆ వాసన.

కడగడం నాకు వచ్చు. ఏ ద్రావకం వేయాలో, ఎన్ని చుక్కలో చూసి పెట్టుకున్నాను. కానీ చెడగొట్టింది ఆయన. దగ్గరుండి చేయిస్తానన్నదీ ఆయనే. తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఎండ తలుపు మీదినుంచి జరిగిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.