మూడంగుళాల తేడా

“...ముందు ఫొటో చూడు బావా, తర్వాత మాట్లాడు. మా మంత్రి ఆవలిస్తుంటే తీశారు. వాళ్ల నాయకుడేమో పసిపిల్లని ఎత్తుకుని నవ్వుతున్నాడు. ఇది వార్తా పత్రికా, వాళ్లింటి ఆల్బమా?”

“ఆవలించే మనిషిని ఆవలిస్తుండగా కాక ఇంకెలా తీస్తారయ్యా?” అన్నాడు మందుల షాపాయన, బల్లకి రెండో చివర నుంచి.

“పెద్దాయనా, నువ్వు ఊరుకో. నీకు నచ్చేట్టు రాస్తారు కాబట్టి నీకేం కనపడదు.”

దర్జీ మిషన్ ఆపాడు. తన భార్య తమ్ముడికీ, పక్క షాపు పెద్దమనిషికీ మధ్య ప్రతి శుక్రవారం ఏదో ఒక గొడవ ఉండేదే. మిషన్ ఆపాల్సి రావడం మాత్రం అరుదు.

అది ఒకే గది షాపు. రెండు మిషన్లు, గుడ్డలు కత్తిరించే పొడుగాటి బల్ల, గుమ్మం పక్కన వచ్చినవాళ్లు కూర్చునే ఇంకో బల్ల. మధ్యాహ్నం మూడింటికి రద్దీ తగ్గుతుంది. అప్పుడు దర్జీ భార్య బొత్తాల డబ్బా పక్కన పెట్టి, వారపత్రిక తీసి పైకి చదువుతుంది. పద్దెనిమిదేళ్ల కిందట షాపులో రేడియో పాడైంది. బాగుచేయించే వరకూ ఏదో ఒకటి చదవమన్నాడు దర్జీ. ఆమె చదివింది. రేడియో ఇప్పటికీ అటక మీదే ఉంది. వీధిలో ఆమె పేరే రేడియో అయిపోయింది. “అన్నా, రేడియో ఉందా? జాకెట్టు కొలతలివ్వాలి,” అని అడుగుతారు. ఆమె ఏమీ అనుకోదు.

ఆమె చదువుతుంటే వినాలి. ఆటల పేజీలో పరుగు తీస్తుంది, సంతాప వార్తకి గొంతు దించుతుంది. ఆ రోజు గొడవకి ముందు వంతెన వార్త చదివింది. “వచ్చే వేసవికి పనులు పూర్తి చేసే విషయాన్ని ప్రభుత్వం చురుగ్గా పరిశీలిస్తోందని మంత్రి తెలిపారు,” అని చదివి, ఆగి, సూదిలోకి దారం ఎక్కించుకుంది. దారం ఎక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రతిపక్ష నాయకుడి మాట అందుకుంది. “మూడు వేసవులు గడిచాయి. ఆ వంతెన మీద ఇంతవరకు కాకులు తప్ప ఎవరూ నడవలేదు.” మందుల షాపాయన తొడ చరిచి నవ్వాడు. తమ్ముడు పత్రిక లాక్కుని ఫొటోలు చూడటం మొదలుపెట్టాడు.

“చందా ఈ నెలతో అయిపోతోంది కదా, ఈసారి నేను సంతకం పెట్టను,” అన్నాడు తమ్ముడు. ముగ్గురి పేర్ల మీదా కలిపి వచ్చే పత్రిక అది. “ఒక పక్షం వాళ్లకి అమ్ముడుపోయిన కాగితం కోసం నా సెలవు రోజు పాడుచేసుకోను.”

“అమ్ముడుపోయిందో లేదో నువ్వెలా చెప్తావ్?” అన్నాడు మందుల షాపాయన.

“నేనెందుకు, బావ చెప్తాడు. కొలవమను. ఎవరికెంత చోటిచ్చారో టేపు అబద్ధం చెప్పదుగా.”

దర్జీ మెడలోంచి టేపు తీశాడు. పత్రికని బల్ల మీద పరిచి, ఫొటోల మూలలకీ, వార్తల చివరలకీ నీలం సుద్దతో గుర్తులు పెట్టి కొలిచాడు. ఒక్కో అంకె చెబుతుంటే ఆయన భార్య కొలతల పుస్తకంలో రాసింది. ఆ పుస్తకంలో గళ్లు ముందే అచ్చేసి ఉంటాయి. అధికార పక్షాన్ని ఛాతీ కింద, ప్రతిపక్షాన్ని నడుము కింద రాసుకుంది.

“ఛాతీ నూటతొమ్మిది,” అంది కూడి. “నడుము నూటపన్నెండు.”

“మూడంగుళాలు ఎక్కువ,” అన్నాడు తమ్ముడు.

“ఒక వయసొచ్చాక మామూలే,” అన్నాడు దర్జీ.

“నవ్వకు బావా. నువ్వు కుట్టిన చొక్కాలో మూడంగుళాలు తేడా వస్తే ఊరుకుంటారా?”

“కోటుకైతే ఊరుకుంటారు.”

“వచ్చే శుక్రవారం కూడా వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఆ కాగితం మీద నా సంతకం ఉండదు, ఈ బల్ల మీద నేనుండను. అక్కా, నువ్వేమీ అనుకోకు.”

అక్క బొత్తాల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఆ వారమంతా తెల్ల చొక్కాలకి గోధుమరంగు బొత్తాలు కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది.

బుధవారం అన్నం వడ్డిస్తుంటే దర్జీ అన్నాడు, “వేరే పత్రిక తెప్పిద్దాంలే.”

“ఏది? వాడు ఒప్పుకునేది పెద్దాయన ముట్టుకోడు. పెద్దాయన తెచ్చేది వీడు చింపేస్తాడు. ఇద్దరూ కూర్చుని వినేది ఇదొక్కటే.”

“పోనీ నాకొక్కడికే చదువు.”

“మిషన్ చప్పుడులో మీకు సగం వినపడదు.”

ఆయన మజ్జిగ అందుకున్నాడు. వంటా, పిల్లల పెంపకం, బొత్తాలు, హుక్కులు అన్నీ ఎవరో ఒకరు చేయగలిగిన పనులేనని ఆమె లెక్క. శుక్రవారం మూడింటికి నలుగురు నోరు మూసుకుని తన నోటి వైపు చూడటం ఒక్కటే తనది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. దర్జీకి చెప్పనక్కర్లేదు.

గురువారం వర్షంలో తడిసింది. శుక్రవారం పొద్దునకి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. కొత్త సంచిక వచ్చినా చుట్టిన కాగితం కూడా విప్పలేదు. కత్తిరించిన గుడ్డల కింద పెట్టి, వేణ్ణీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంది.

మూడింటికి మందుల షాపాయన వచ్చాడు, ఆమె కోసం చప్పరించే బిళ్లలు తీసుకుని. తమ్ముడు వెనకే వచ్చాడు.

“ఈ వారం వార్తలు లేవు. రేడియో పాడైంది,” అన్నాడు దర్జీ.

“నేను చదువుతా,” అన్నాడు తమ్ముడు. “నాదేం గొంతు కాదా?”

గొంతే. పదిహేనేళ్లుగా బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చిందో, ఏది రద్దయిందో చెప్పే ఉద్యోగం అతనిది. బల్ల మీద కనిపించిన పత్రిక తీసుకుని, నిలువునా మడిచి, ఒక్క వరుస మాత్రం కనపడేలా పట్టుకున్నాడు.

“వంతెన గురించి మళ్లీ రాశారు,” అని మొదలుపెట్టాడు.

“వాళ్లు రాయని వారం ఏది?” అన్నాడు మందుల షాపాయన.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. వచ్చే వేసవికి పనులు పూర్తి చేసే విషయాన్ని ప్రభుత్వం చురుగ్గా పరిశీలిస్తోందని మంత్రి తెలిపిన సంగతిని, దూర ప్రయాణపు కొత్త బస్సు బయలుదేరుతున్నంత దర్జాగా చదివాడు. 'చురుగ్గా' అన్న మాట వీధి చివరిదాకా వినపడింది. తర్వాత ప్రతిపక్ష నాయకుడి మాటలొచ్చాయి. వాటిని రద్దయిన బస్సు గురించి చెప్పినట్టు, తల వంచుకుని, గబగబా ముగించాడు. కాకులు ఎప్పుడొచ్చి ఎప్పుడు ఎగిరిపోయాయో ఎవరికీ తెలియలేదు.

“చూశావా బావా,” అన్నాడు పత్రిక దించి. “నేను గట్టిగా అడిగేసరికి దారికొచ్చారు. ఈ వారం న్యాయంగా రాశారు.”

మందుల షాపాయన మొహం ఎర్రబడింది. “న్యాయమా? మొత్తం మంత్రి డప్పే కదా. వారం రోజుల్లో ఎంతకి కొన్నారో కనుక్కో. చందా నీకక్కర్లేదేమో, ఇలాగైతే నాకూ అక్కర్లేదు.”

దర్జీ భార్య మొదటి వాక్యానికే తలెత్తి చూసింది. రెండో వాక్యానికి గ్లాసు కింద పెట్టింది. ఇప్పుడు లేచి వెళ్లి, తమ్ముడి చేతిలోంచి పత్రిక తీసుకుని, మడత విప్పి ఇద్దరి ముందూ పట్టుకుంది. ఆవలిస్తున్న మంత్రి నాలుగు మూలలా నీలం సుద్ద గుర్తులున్నాయి.

“ఇది పోయిన వారానిది కదరా,” అంది. గాలితో కలిసి వచ్చినా అందరికీ వినపడింది.

గుడ్డల కింద నుంచి విప్పని కొత్త సంచిక తీసి చూపించింది.

మందుల షాపాయన ముందు సుద్ద గుర్తులకేసి చూశాడు, తర్వాత తమ్ముడికేసి, చివరికి ఆమెకేసి చూశాడు. “పోయిన వారం నేను తొడ చరిచి నవ్వింది దీనికేనా?”

“నేను చందా ఆపేస్తానన్నదీ దీనికే,” అన్నాడు తమ్ముడు. పత్రిక మళ్లీ అందుకుని ఆ వార్త వెతికాడు. “అక్కా, 'పరిశీలిస్తోంది' అన్నాక దారం ఎక్కిస్తావెందుకు నువ్వు?”

“ఎక్కిస్తానా?”

“ప్రతిసారీ,” అన్నాడు దర్జీ మిషన్ దగ్గర నుంచి.

ఆమె ఆయన వైపు తిరిగింది. “మీకు తెలుసా?”

“పద్దెనిమిదేళ్లుగా.”

“మరి చెప్పలేదేం?”

దర్జీ పంటితో దారం కొరికాడు. “అలా వింటుంటే బాగుండేది,” అన్నాడు.

మొదట నవ్వింది మందుల షాపాయన. తర్వాత తమ్ముడు మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు. ఆమె నవ్వుకి గొంతు లేదు. భుజాలు ఊగుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిషన్‌కి ఆనుకుంది.

“చందా కాగితం ఇటివ్వు బావా, ఎక్కడ పెట్టాలి సంతకం?” అన్నాడు తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ.

“అంతా బానే ఉంది గానీ,” అన్నాడు మందుల షాపాయన, తన వంతు సంతకం పెట్టి కలం మూత బిగిస్తూ, “అసలు ఆ పత్రికవాళ్లు ఎటువైపో మనకింకా తెలీనే తెలీదు చెల్లెమ్మా.”

ఆమె ఒక బిళ్ల నోట్లో వేసుకుని, కొత్త సంచికకి చుట్టిన కాగితం చింపి, మొదటి పేజీ చూసింది.

“వచ్చే శుక్రవారం మూడింటికి కాదు, రెండింటికే రండి,” అంది. “ప్రతి వార్తా రెండుసార్లు చదువుతాను. ఒకసారి నాలాగా, ఒకసారి మా తమ్ముడిలాగా.”