మల్లమ్మక్క మజ్జిగ

ఈ సాయంత్రం ఆబిడ్స్‌లో దుకాణం కట్టేసి వచ్చేసరికి, పేగుల్లోని క్రిములను పరిశోధించే డాక్టరు మా నాంపల్లి గల్లీలో నిలబడి ఉన్నారు. గల్లీలో ఇద్దరికి టైఫాయిడ్ వచ్చిందని, పోయిన వారం ఆయన మిగతా ఐదిళ్ళకూ తలో రేకు డబ్బా ఇచ్చి మలం అడిగారు. జబ్బు లేనివాళ్ళ మలంతో ఈయనకేం పని? ఏదో వంక పెట్టి మమ్మల్ని ఊరవతల రోగుల క్యాంపుకు తోలేస్తారని నాకు అనుమానం వచ్చింది. అందుకే నా సలహా మీద ఐదు డబ్బాలూ మల్లమ్మక్క చేతే నింపించాం. గల్లీ అంతటికీ మజ్జిగ పోసే ఆవిడకు ఏనాడూ తలనొప్పి కూడా రాలేదు మరి.

"ఐదు డబ్బాల్లోనూ టైఫాయిడ్ క్రిములున్నాయి. ఐదిళ్ళవాళ్ళూ క్యాంపుకు నడవండి" అన్నారు డాక్టరు.

మేమందరం మల్లమ్మక్క వైపు చూశాం.

"ఏంది సాబ్ గట్లంటరు? ఐదూ నాయే. నాకేం రోగమున్నది? గుండు లెక్క ఉన్న!" అంది.

"అదేనమ్మా చిక్కు. నీ పేగుల్లో ఉన్నా అవి నిన్నేం చెయ్యవు. నీ చేతి మజ్జిగ తాగినవాళ్ళను మంచాన పడేస్తాయి. ఇక ఎవరికీ పొయ్యకు" అని చెప్పి, రేపు మళ్ళీ కొత్త డబ్బాలు తెస్తానని వెళ్ళిపోయారు.

"అంత ఉత్తదే! నువ్వు తాగు తమ్మీ, జర ఉప్పేసిన" అంటూ మల్లమ్మక్క ఎప్పటిలాగే గ్లాసు నా ముందు పెట్టి వెళ్ళింది.

వారం రోజులు డాక్టరును అనుమానించినవాణ్ణి, ఇప్పుడు ఆ గ్లాసులోకి తొంగి చూస్తూ కూర్చున్నాను. ఖాళీ గ్లాసు కోసం ఆవిడ కాసేపట్లో వస్తుంది. మీరైతే తాగుతారా?