జానెడు పైమట్టి

పోయిన వారం కళ్యాణదుర్గంలో బస్సు కోసం ఎండలో నిలబడలేక పక్కనే ఉన్న ఎరువుల అంగడి నీడకు చేరాను. అక్కడ నా ఈడు పెద్దాయన ఒకరు నల్లటి మందు డబ్బా చేతిలో పట్టుకుని, ఇది ఎకరాకు ఎంత పోయాలని అడుగుతుంటే, అంగడాయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే ఎంత పోస్తే అంత మంచిదన్నాడు. నేను ఉండబట్టలేక మధ్యలో దూరి, డబ్బా మీద రాసిన కొలతకు చుక్క కూడా మించొద్దని, బాగా నీళ్ళు కలిపి, అదీ నేల తడిగా ఉన్నప్పుడే పోయమని చెప్పాను. చెప్పి బస్సెక్కానే గానీ ఇల్లు చేరేదాకా మనసు మనసులో లేదు. ఎందుకంటే సరిగ్గా ఆ మాటనే, ముక్కూ మొహం తెలియని వాడికి చెప్పిన ఆ మాటనే, పాతికేళ్ళ కిందట మా సొంత చిన్నాయన గడపలో నిలబడి అడిగితే నేను చెప్పలేదు.

మా నాయనా చిన్నాయనా కలిసి సాగు చేసిన చేను ఎర్రనేల, వానను నమ్ముకుని వేరుశనగ తప్ప మరొకటి ఎరగని నేల. ఏటా వేసవిలో మడకశిర వైపు నుంచి కాపరులు గొర్రెలను తోలుకొస్తే, నాయన వాళ్ళను బతిమాలి తెచ్చుకుని మా చేలో మంద కట్టించేవాడు. గొర్రెలు వారం పది రోజులు అక్కడే పడుకుని లేస్తే పెంటికలూ మూత్రమూ నేలకు పట్టేవి. కాపరులకు రాగిసంగటి వండి చేనికి మోసుకుపోవడం అమ్మకూ నాకూ పని. వాళ్ళ కన్నడం మాకు సగమే తెలిసేది, మా తెలుగు వాళ్ళకు సగమే తెలిసేది, సంగటి దగ్గర మాత్రం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అలా ఇరవై ఏళ్ళు కట్టిన మందలతో పైన జానెడు మట్టి ఎరుపు తగ్గి నలుపు తిరిగింది. నాయన దాన్ని పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి మురిసిపోతుంటే, నన్నెప్పుడైనా అంత ముద్దుగా చూశాడా అని నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

ఆ నాయన ఉన్నట్టుండి పోయాడు. మైలలో ఉన్న ఇంటివాళ్ళు పెద్దకర్మ అయ్యేదాకా పొలం గట్టు తొక్కకూడదని మా ఇంటి కట్టుబాటు. చిన్నాయన కూడా మాతోపాటు ఇంట్లోనే కూర్చున్నాడు, మాకంటే గట్టిగానే ఏడ్చాడు. పెద్దవాడికి తూర్పు చెక్క, చిన్నవాడికి పడమటి చెక్క అనేది మా ఊళ్ళో ఎవరూ అడగక్కర్లేని పంపకం. కాబట్టి ఆయన ఇంట్లో కూర్చుని ఏడుస్తున్న ఆ రోజుల్లోనే, ఆయన కుదిర్చిన ట్రాక్టర్లు మా తూర్పు చెక్క మీది జానెడు మట్టిని గోకి, తీసుకుపోయి పడమటి చెక్కలో పరిచాయి. కర్మ అయ్యాక నా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చేనికి పోయిన అమ్మ, గరుసు తేలిన ఆ నేలను చూసి, నాయన పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.

పంచాయితీ పెట్టాం. పెద్దమనుషులు తాడు పట్టి కొలిచి, ఎకరాలు సరిగ్గానే ఉన్నాయని తేల్చారు. చిన్నాయన పైపంచెతో ముఖం తుడుచుకుని, "మట్టి మట్టే కదా వదినా, పైన పోతే కింద ఇంకా ఉండాది, అది యాడికి పోతాది" అన్నాడు. నలుగురూ నవ్వారు. అమ్మ తలవంచుకుని ఇంటికి వచ్చేసింది. ఈ మాటను ఈ మనిషికి ఏదో ఒకరోజు తిప్పి ఇవ్వాలని నేను ఆ రోజే అనుకున్నాను, అప్పటికి నాకు ఇరవై కూడా నిండలేదు.

దేవుడు నా మొర విన్నాడేమో, అనంతపురంలో మట్టి పరీక్ష చేసే ల్యాబులో సీసాలు కడిగే పని దొరికింది. మట్టిని క్షారపు నీళ్ళలో నానబెట్టి వడగడితే కాఫీ డికాషన్ లాంటి రసం దిగేది. అందులో ఆమ్లం చుక్కలు వేస్తే నలుపంతా విరిగిన పాల మాదిరి అడుగుకు చేరేది. దీన్నే హ్యూమిక్ పదార్థం అంటారని, ఆకూ పేడా వేరూ ఏళ్ళ తరబడి చివికి నేలకు మిగిల్చిన సారమిదని అక్కడి సారు చెప్పాడు. ఒక సోమవారం నేను మా చెక్క మట్టీ, చిన్నాయన చెక్క మట్టీ కొంగు రెండు చివర్లా మూటగట్టుకుని పోయి, సారును అడిగి రెండూ వడగట్టాను. మా మట్టి రసం బియ్యం కడిగిన నీళ్ళలా దిగింది. ఆయన మట్టి రసం చిక్కగా, నల్లగా దిగింది. ఆ సీసాను చేత్తో పట్టుకుంటే నాయన కష్టమంతా అందులో ఉన్నట్టు అనిపించి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

ఈ నలుపును చెట్టు ఏం చేసుకుంటుందని సారును వదలకుండా అడిగేదాన్ని. చెట్టు దీన్ని అన్నం తిన్నట్టు తినదమ్మా, పెళ్ళిలో వడ్డించేవాళ్ళు ఎలాగో ఇదీ అంతే, ఇనుమునూ తక్కిన పోషకాలనూ పట్టుకుని వేరు నోటి దాకా తెచ్చి అందిస్తుంది అనేవాడు. ఏ కొంచెమో మాత్రం వేరులోకి వెళ్తుందట, ఆ కొంచెంతోనే వేరుకు ఎక్కడలేని హుషారూ వస్తుందట. అది కంటితో చూపించడానికి వేరుశనగ మొలకలను మూడు సీసాల్లో పెంచాడు. వట్టి నీళ్ళ సీసాలో వేర్లు మామూలుగా ఉన్నాయి. రెండు మూడు చుక్కల రసం వేసిన సీసాలో తెల్లటి నూగు వేర్లు సీసా నిండా అల్లుకున్నాయి. మూడో సీసాలో రసం ధారాళంగా పోశాడు, అందులో వేర్లు గోధుమరంగు తిరిగి మొండిగా ఆగిపోయాయి. ఆ మూడో సీసాను నేను మర్చిపోలేదు.

తర్వాత నేను చేసిందల్లా నాయన చేసినదే. పదకొండు వేసవులు కాపరులను వెతికి పట్టుకుని మా గరుసు నేల మీద మంద కట్టించాను. కాళ్ళు వాచిపోయినా అమ్మ సంగటి వండడం మానలేదు. చిన్నాయన ఒక్క ఏడాది కూడా మంద కట్టించలేదు, ఎవరు వండిపెడతారని చిన్నమ్మ విసుక్కునేదట. పైగా కాయ కోశాక మిగిలే ఎండు చెట్ల కట్టె కూడా పరక వదలకుండా చేలోంచి తీసుకుపోయేవాడు. మా ఎండ సంగతి మీకు తెలుసు కదా, కొత్తగా ఏమీ వేయకపోతే ఉన్న సారాన్ని అది మిగలనివ్వదు. ఎత్తుకుపోయిన మట్టి పరిచిన చోటే పాలిపోయింది.

ఒక ఏడాది సరిగ్గా వేరుశనగ పూత రాలి, కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. మా చెక్క వాడుతూ కూడా పచ్చగానే ఉంది, గట్టుకు అవతల పడమటి చెక్క మధ్యాహ్నానికే ఆకు ముడుచుకునేది. ఒక ఆదివారం చిన్నాయన, అంగట్లో అమ్మే హ్యూమిక్ మందు నల్ల డబ్బాలు రెండు మోసుకుని మా గడపలోకి వచ్చాడు. పంపకాల తర్వాత ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. "అమ్మణ్ణీ, నువ్వు ల్యాబులో పని చేస్తాండావు కదా, ఇది ఎంత పోయాలో చెప్పు తల్లీ, చేను పోతాంది" అన్నాడు. డబ్బా మీద అంతా ఇంగ్లీషు, ఆయనకు సంతకం తప్ప చదువు లేదు. మూడో సీసా నా కళ్ళముందు కదిలింది. అమ్మ వంటింట్లోంచి నన్నే చూస్తోంది.

"మట్టి మట్టే కదా చిన్నాయనా, ఎంత పోస్తే ఏమి" అన్నాను.

ఆయనకు ఆ మాట గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. డబ్బాలు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఎండి బిగుసుకున్న నేల మీద, డబ్బాలకు డబ్బాలే, బిందెడు నీళ్ళు కూడా కలపకుండా మొదళ్ళలో పోయించాడు. నాలుగు రోజుల్లో ఆకు అంచులు మాడాయి, వారంలో చేను కూర్చుండిపోయింది. ఒక మొక్క పీకి చూశాను, వేర్లు అచ్చం మూడో సీసాలో లాగే ఉన్నాయి. నాకు జాలి కలిగిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ పూట కడుపునిండా తిన్నాను, ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె కోసం చేసిన పనికి ఆమే ముఖం తిప్పుకోవడం నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, చిన్నాయనా లేడు. తమ్ముడు తూర్పు చెక్కనూ, చిన్నాయన కొడుకులు పడమటి చెక్కనూ ఎండతో కరెంటు తీసే పలకలు పెట్టే కంపెనీకి కౌలుకిచ్చేశారు. కాపరులు ఇప్పుడు కంచె బయట రోడ్డు వెంట గొర్రెలను తోలుకుని పోతారు, ఎవరూ వాళ్ళను ఆపి రమ్మనరు. నేల చదును చేయడానికి వచ్చిన యంత్రం రెండు చెక్కల పైమట్టినీ గోకి ఒకే గుట్టగా పోసింది. నేను పోయి ఒక బకెట్టు నింపుకొచ్చి మా ఇంటి ముందు కరివేపాకు మొదట్లో వేశాను, చెట్టు బాగా చిగురిస్తోంది.

చిన్నాయనను నేను క్షమించలేదు. కానీ ఆ రోజు గుట్ట ముందు నిలబడినప్పుడు, ఎత్తుకుపోయిన మట్టి ఇన్నేళ్ళకు మా మట్టిలో వచ్చి కలిసిందని ఎవరికైనా చెప్పాలనిపించింది. తమ్ముడికి ఫోన్ చేస్తే, మట్టిదేముందక్కా అన్నాడు. ఆ జానెడు మట్టి విలువ తెలిసి, దొంగతనానికైనా తెగించిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయనా లేడు.